మీగడ కట్టిన సముద్రం

మొగపాలెం కాలవ కోత కేంద్రం. రోజువారీ నమోదు. రాస్తున్నది కోత మనిషి సూరాడ కెజియా.

1

వెడల్పు: ఉదయం రెండు పడవలు పక్కపక్కన పోయేంత. లోతు: మార్పు లేదు. చేప: బుట్టెడు కవళ్ళు.

నిన్న సాయంత్రం మూడు పడవలంత వెడల్పు ఉంచి ఇంటికి వెళ్ళాం. తెల్లారేసరికి ఒక పడవంత మూసుకుపోయింది. తిమోతి, నేను రంపాలు పడవలో వేసుకుని తూర్పు అంచు నుంచి కోయడం మొదలుపెట్టాం. తిమోతి మా ఆయన చిన్నాన్న కొడుకు. నేను కోస్తే, కోసిన పలకని అతను గెడతో ఒడ్డుకి తోస్తాడు. ఒడ్డున ఆడవాళ్ళు దాన్ని ఎండబెట్టి పిండి చేస్తారు. ఇప్పుడు మా ఊరంతా తినేది ఆ పిండే. గంజి కాచుకున్నా, రొట్టె కాల్చుకున్నా బూడిద రంగులోనే ఉంటుంది.

ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ ఎవరికీ నోరు తిరగదు. ఊళ్ళో దీన్ని మీగడ అంటాం. తుఫానులు వరసగా వచ్చి తీరాన్ని ఊడ్చేశాక, నడిసముద్రంలో నీళ్ళ మీద దీన్ని పెంచారు. ఇది ఉంటే అల లేవదు, తుఫాను పుట్టదు అన్నారు. ఆ మాట నిజమే, ఆ తర్వాత ఒక్క తుఫాను రాలేదు. కాకపోతే దానికి ప్రాణం ఉంది, పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఇసుక దాకా వచ్చింది. ఈ తీరంలో నీళ్ళు కనబడేది మేం కోసి ఉంచే ఈ కాలవలోనే.

చేపలకి వల వేయక్కర్లేదు. ఊపిరాడక తలలు పైకెత్తి, నోళ్ళు తెరుచుకుంటూ కాలవలోకి వస్తాయి. చేతులతో ఏరుకుంటాం.

పై ఆఫీసు నుంచి కబురు వచ్చి ఏడాది దాటింది. రోజూ రాయమన్నారు కనుక రాస్తున్నాను. వెడల్పు, లోతు, చేప. ఆ మూడూ రాశాక కింద చాలా జాగా మిగులుతుంది. ఈ మధ్య అందులోనూ రాస్తున్నాను.

2

ఆదివారం. కోత లేదు.

మా చర్చి సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఒకప్పుడు అలల హోరుకి పాస్టరు అయ్యగారి మాట వెనక వరసకి వినబడేది కాదు. ఇప్పుడు ఆయన గొంతు తగ్గించి మాట్లాడినా అందరికీ వినబడుతుంది. ఫిలేమోను అయ్యగారిది కొండల వైపు ఊరు. పడవ ఎక్కినవారు కాదు. మా పాలేనికి వచ్చాకే సముద్రం చూశారు.

ఇవాళ ఆయన చివరి దినాల గురించి చెప్పారు. బైబిలు చివరి పుస్తకంలోని దర్శనంలో సింహాసనం ముందు సముద్రం గాజులా నిశ్చలంగా ఉంటుందట. క్రూరమృగం పైకి వచ్చింది సముద్రంలోంచేనట. ఒక రోజున సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగిస్తుంది. ఆ పైన కొత్త భూమి వస్తుంది, అందులో ఇక సముద్రమే ఉండదు. ఆయన ఇవన్నీ చెప్పి, కిటికీ వైపు చూపించి ఊరుకున్నారు. ఎవరికీ వివరించక్కర్లేదు. కిటికీలోంచి ఆకాశం అంచుదాకా గాజులా మెరిసే మీగడే కనబడుతోంది.

నయోమి పెద్దమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. ఆమె భర్తా ఇద్దరు కొడుకులూ చేపల వేటకి పోయి తిరిగిరాలేదు.

"నా ఇంట్లో ముగ్గుర్ని తినీసింది. దాని నోరు కుట్టీసినాడు దేవుడు. ఇంకెవుల్నీ తినలేదు. స్తోత్రం."

జనం ఆమెన్ అన్నారు. ముందు వరసలో కూర్చున్న మా మావ హగ్గయి మాత్రం కిటికీలోంచి అలా చూస్తూ ఉండిపోయాడు. ఆయన కొడుకు ఎలీషా నా భర్త. ఆఖరి తుఫానులో పడవతో సహా పోయాడు. ఒంటి మీది బట్ట కూడా దొరకలేదు. ఆ పడవతో పాటే బయటికి వెళ్ళిన ఇంకో పడవవాళ్ళు, మునిగింది ఎక్కడో చూసి వచ్చి చెప్పారు. మావకి ఆ చోటు తెలుసు. తెలిసి కూడా ఏమీ చేయలేకపోవడం ఆయన్ని లోపల్లోపలే తినేసింది.

ఇంటికి వచ్చాక గంజి తాగుతూ అడిగాడు.

"అప్పగిత్తాదని రాసి ఉంది గదా, కెజియా. ఎక్కడ అప్పగిత్తాది? మునిగినకాడేనా, ఒడ్డుకి తెచ్చా?"



3

వెడల్పు: ఒకటిన్నర పడవ. చేప: అరబుట్ట, సగం చచ్చినవే.

దక్షిణపు అంచున కోస్తుంటే రంపం కింద నీడ కదిలింది. మీగడ అడుగున తాబేలు. గాలి కోసం పైకి వచ్చి, దారి దొరక్క, వీపుతో గుద్దుకుంటోంది. తిమోతి, నేను గబగబా దాని చుట్టూ కోసి పలకని లాగేశాం. అది తల బయటపెట్టి ఊపిరి తీసుకుంది. మనిషి తీసినట్టే ఉంది ఆ చప్పుడు. కాసేపు కాలవలోనే ఉండి, తర్వాత మళ్ళీ మీగడ కిందికే వెళ్ళిపోయింది. వెళ్ళడానికి దానికి వేరే చోటు లేదు.

కోసినచోట నీళ్ళు నల్లగా ఉన్నాయి. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. మొహాలకి తడిగుడ్డ కట్టుకుని, పడవ వెనక్కి తీసి ఆగాం. ఈ పనిలో చేరినప్పుడు శిక్షణలో ఒక మాట పదే పదే చెప్పారు. ఆ వాసన వస్తే పని ఆపి దూరంగా పోవాలి. వాసన వస్తూ వస్తూ ఉన్నట్టుండి పోయిందంటే, పారిపోవాలి. గాలి బాగుపడి కాదు, ముక్కు చచ్చిపోయి వాసన తెలియడం లేదని అర్థం. ముక్కు తర్వాత మనిషే.

ఈ ఏడు కూడా వాన లేదు.

"మూతెట్టిన గిన్నెలోంచి ఆవిరెలగొత్తాది వదినా?" అన్నాడు తిమోతి.

ఊరి బావిలో నీళ్ళు అడుగంటాయి. వాడుకునే నీళ్ళు లారీలో వస్తాయి. లారీ రెండు రోజులకోసారి వచ్చేది, ఇప్పుడు వారానికోసారి వస్తోంది.

4

సంఘం కూటం జరిగింది. నన్ను పిలిచారు.

సంఘ పెద్దలు అడిగింది ఒకటే. కాలవ కోత మానెయ్యమని. దేవుడు మూస్తున్నదాన్ని మనం తెరవకూడదట. కాలవ ఒక్కటే ఇంకా సముద్రంలా ఉందట, అది కూడా మూసుకుంటేనే చెప్పింది నెరవేరుతుందట. అయ్యగారు బల్ల దగ్గర తల దించుకుని కూర్చున్నారు. 

నేనన్నాను. "కాలవ మూసీస్తే కవళ్ళు కూడా ఉండవు. పిండొక్కటే తిని ఎన్నాల్లు బతుకుతాం?"

"బతకడానికేటుందిక," అంది నయోమి పెద్దమ్మ. కోపంగా కాదు, మామూలుగా. "మావాల్లు లేసొచ్చినాక అంతా కలిసే తింటాం."

అప్పుడు మావ లేచాడు. చర్చిలో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"కెజియా, ఒకటే అడుగుతాను. ఆడు రావాలా, వొద్దా?"

అందరూ నా వైపు చూశారు. "ఆడొత్తాడంటే నానిప్పుడే రంపం పారేత్తాను మావా. గానీ ఆడు రాడు," అన్నాను.

ఆయన మొహం చూశాక ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండుననిపించింది. మావ మెల్లిగా కూర్చున్నాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. కూటం ప్రార్థనతో ముగిసింది.

బయటికి వచ్చాక తిమోతి చెప్పాడు. "రేపట్నుంచి నాను రాను వదినా. మాయమ్మ ఏడుత్తంది."

సరే అన్నాను. అతని రంపం నాకు ఇచ్చేశాడు.

5

వెడల్పు: ఒక పడవ. చేప: లేదు.

ఒక్కదాన్నే కోస్తే, ఇటు కోసి అటు తిరిగేసరికి ఇటు మూసుకుంటోంది. కొత్తగా కట్టిన మీగడ పలచగా, చాలా అందంగా ఉంటుంది. రాయకూడదేమో గానీ నిజం. అద్దంలా నా మొహం కనిపిస్తుంది.

మధ్యాహ్నం అయ్యగారు ఒడ్డుకి వచ్చారు. చెప్పులు విడిచి, పంచె పైకి కట్టుకుని, "నన్ను కొంచెం లోపలికి తీసుకెళ్తావా?" అన్నారు. పడవలో కూర్చోబెట్టుకున్నాను. రెండు పక్కలా గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నేను కోస్తుంటే చాలాసేపు చూసి అప్పుడు మాట్లాడారు.

"కెజియమ్మా, ఆ దర్శనం చూసినాయన ఒక దీవిలో బందీగా ఉన్నారు. తనవాళ్ళంతా అవతలి ఒడ్డున. ఎటు చూసినా నీళ్ళే. ఆయనకి సముద్రమంటే జైలు గోడ. సముద్రం ఉండదని చూశారంటే, ఇక ఎవరూ ఎవరినీ విడిచి ఉండక్కర్లేదని చూశారు. నేను చదువుకున్నది అది."

"మరి మాకలాగ సెప్పనేదేటండి?"

"మీ వాళ్ళకి అది చాలదనిపించింది. ముగ్గుర్ని పోగొట్టుకున్న మనిషికి ఇది పోలిక మాత్రమేనని ఎలా చెప్పను? కిటికీలోంచి గాజు కనబడుతుంటే అదే ఇదని చెప్పేశాను. చెప్పినప్పుడు నేనూ నమ్మాను."

"ఇప్పుడండి?"

ఆయన నల్లటి నీళ్ళ వైపు చూశారు. చచ్చిన కవళ్ళు వెల్లకిలా తేలుతున్నాయి.

"సముద్రం ఉండదని ఉన్నచోటే, మరణం ఉండదని కూడా ఉంది. ఏడుపు ఉండదని కూడా ఉంది. అన్నీ కలిసి రావాలి. మనకి ఒక్కటే వచ్చింది. ఒక్కటే వచ్చిందంటే, ఇది అది కాదు."

ఆ మాట చర్చిలో చెప్పమన్నాను. చెప్తానన్నారు.  

6

వెడల్పు లేదు. కాలవ మూసుకుపోయింది.

నిన్నంతా జ్వరంతో పడుకున్నాను. ఇవాళ వెళ్ళేసరికి మీగడ కాలవ ఈ అంచు నుంచి ఆ అంచుకి అతుక్కుపోయింది. పడవ మధ్యలో ఇరుక్కుని ఉంది. రంపంతో ఒక పలక కోశాను. రెండోది కోయడానికి చేతుల్లో శక్తి లేకపోయింది. ఊళ్ళో చర్చి గంట మోగించారు. పిల్లలు మీగడ మీద పరుగులు పెట్టారు. తిమోతి వాళ్ళ అమ్మ మోకరించి దాన్ని ముద్దు పెట్టుకుంది.

అయ్యగారు ఆ మాట చర్చిలో చెప్పారట. సముద్రం మూసుకోవడం ఒక్కటీ చూసి తొందరపడొద్దని. జనం విన్నారట. విని, పాట పాడి ఇళ్ళకి పోయారట.

నేను ఇంటికి వచ్చేసరికి మావ మూట కట్టుకుంటున్నాడు. నీళ్ళ డబ్బా, పిండి రొట్టెలు, తాడు. పక్కన ఉతికి మడత పెట్టిన తెల్ల చొక్కా, పంచె. ఎలీషావి. పెట్టె అడుగున ఉండేవి, నేనే దాచాను.

"ఇయ్యెందుకు మావా?"

"ఒంటిమీద బట్ట ఉంటాదో ఉండదో. అందరి ముందూ అలగ రానిత్తామేటి?"

ఎలీషా రాడని నేను ఈసారి అనలేదు. ఎంత దూరమని అడిగాను. పోతూ ఉంటే, ఊరి వెనక నల్లమెట్ట కొండ అడుగు నుంచి కిందికి దిగుతూ వస్తుందట. ముందు చెట్లు, తర్వాత నడుం కనబడకుండా పోతాయి. శిఖరం ఒక్కటే బొటనవేలంత మిగిలేచోట, లైట్‌హౌసుకి సరిగ్గా ఎడమగా రావాలట. అదే చోటు. వేటకి పోయేవాళ్ళు ఎప్పుడూ సముద్రంలో చోటు గుర్తు పెట్టుకునేది అలాగే. తెడ్డు వేసుకుంటూ పోయినచోటికి ఇప్పుడు నడిచి పోవాలి.

"నానొక్కణ్ణే పోతాను. నువ్వు నమ్మవు గదా."

"నానూ వొత్తాను," అన్నాను. రంపం తీసుకున్నాను.

7

మీగడ మీద నుంచి రాస్తున్నాను.

పొద్దున్నే బయలుదేరాం. ఒడ్డు దగ్గర మీగడ ఇసుక కలిసి మసకగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ తేటపడింది. గాలి లేదు, చప్పుడు లేదు. మా అడుగుల కింద సముద్రం మొత్తం కనబడుతోంది గానీ అందులో ఏదీ కదలడం లేదు. చచ్చిన చేపలు మీగడ అడుగున అతుక్కుని ఉన్నాయి, కొన్నిచోట్ల అడుగు పెట్టడానికి మనసొప్పనంత ఒత్తుగా. పెద్ద సొర ఒకటి పక్కకి వాలి, కన్ను తెరిచి ఉంది. మావ అన్నిటినీ పేరు పెట్టి చెప్పుకుంటూ నడిచాడు. వంజరం, పండుగొప్ప, కవళ్ళు. చిన్నప్పుడు ఎలీషాకి చెప్పినట్టే చెప్పి ఉంటాడు.

ఎండ బాగా ఎక్కాక ఆగి రొట్టె తిన్నాం. ఆయన హుషారుగా ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో నేను పడవెక్కి వాంతులు చేసుకున్నది గుర్తుచేసి నవ్వాడు. "నువ్వు పడవలోల్ల పిల్లవేనా అని ఎటకారం సేసినాడు ఎలీషా. గుర్తుందా?" గుర్తుందన్నాను. ఇద్దరం నవ్వాం. ఆయనతో నవ్వి చాలా కాలమైంది.

సాయంత్రానికి మెట్ట శిఖరం ఒక్కటే మిగిలింది. మావ అటూ ఇటూ నడిచి, లైట్‌హౌసు చూసుకుని, "ఇక్కడే" అన్నాడు. బోర్లా పడుకుని, చేతులు కళ్ళకి అడ్డం పెట్టి కిందికి చూశాడు. నేనూ చూశాను. ముదురు ఆకుపచ్చ, ఆ కింద నలుపు. ఏమీ లేదు.

కొంచెం దూరంలో నాకు నీలం రంగు కనిపించింది. చెప్పాలా వద్దా అని ఒక నిమిషం ఆగాను. చెప్పాను.

పడవ. బోర్లా తిరగబడి, అడుగుభాగం మీగడకి ఆనుకుని ఉంది. అడుగున బురదలోంచి పుట్టే గాలి పడవ కింద నిండి, దాన్ని పైకి ఎత్తి ఉంటుంది. నాకు అర్థమైంది అదే. మావకి అర్థమైంది వేరు. ఎలీషా పడవ కూడా నీలమే.

"అప్పగిత్తంది," అన్నాడు.  నాక్కూడా, దేవుడు క్షమించాలి, గుండె కొట్టుకుంది. వెలుగు పోయింది కనుక రేపు కోద్దామన్నాను. ఆయన పడవ పైన పడుకున్నాడు, చెంప మీగడకి ఆనించి.

8

నిన్న రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

తెల్లారగానే కోత మొదలుపెట్టాం. మీగడ మోచేతి లోతు ఉంది. మావ నాకంటే వేగంగా కోశాడు. మొదటి పలక కదలగానే వాసన కొట్టింది. ఆయన్ని చెయ్యి పట్టి దూరంగా లాక్కుపోయాను. మొహాలకి తడిగుడ్డలు కట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. శిక్షణలో చెప్పినది ఆయనకి చెప్పాను. తల ఊపాడు. విన్నాడో లేదో తెలియదు, చూపు పడవ మీదే ఉంది.

మళ్ళీ దగ్గరికి వెళ్ళి రెండో పలక తీశాం. పడవ పక్క బయటపడింది. మావ వంగి చేత్తో నాచు తుడిచాడు. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ఆయనకి చదువు రాదు, కానీ కొడుకు పడవ మీది అక్షరాలు ఎలా ఉంటాయో తెలుసు.

"ఇయ్యి మన అచ్చరాలు కావు," అన్నాడు.

నేను చూశాను. ఒడియా. ఎక్కడో ఉత్తరాన మునిగిన పడవ.

ఇంక పోదాం మావా అన్నాను. ఆయన కదల్లేదు. మళ్ళీ పడవ వైపు వంగాడు.

"ఎవుడి పడవైతేనేటి. ఆడికీ ఒక అయ్యుంటాడు. లోన ఎవులైనా ఉన్నారేమో సూడాల."

చెయ్యి పడవ కిందికి పోనిచ్చి తడుముతున్నాడు. ఆ తోపుకి పడవ కొంచెం ఒరిగింది. లోపల పట్టి ఉన్న గాలి బుడబుడమంటూ బయటికి వచ్చింది. ఒక్కసారి వాసన వచ్చి, వెంటనే పోయింది.

"వాసన పోయింది మావా. లెగు. లెగిసి రా."

"పోయింది గదా," అన్నాడు ఆయన, తల తిప్పకుండానే. "మంచిదే."

అలాగే ముందుకి వాలిపోయాడు. నేను ఊపిరి బిగబట్టి, కాళ్ళు పట్టుకుని లాగాను. మధ్యలో ఒకసారి వదిలేసి దూరంగా పోయి గాలి పీల్చుకుని మళ్ళీ వచ్చాను. బయటికి లాగేసరికి అయిపోయింది. పడవ ఒరిగిపోయి, గాలి అంతా వదిలేసి, వచ్చిన దారినే కిందికి వెళ్ళిపోయింది. లోపల ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు.

ఆయన నడుముకి తాడు కట్టి ఒడ్డు వైపు లాగాను. ఎండ నడినెత్తి మీదికి వచ్చేదాకా లాగాను. వెనక్కి చూస్తే కోసినచోటు ఇంకా కనబడుతూనే ఉంది. తాగే నీళ్ళు సగం అయిపోయాయి. ఇలాగైతే ఇద్దరం ఒడ్డుకి చేరం. ఎండలో మీగడ మీద ఆయన్ని వదిలి పోలేను. తిరిగి అక్కడికే లాక్కుపోయాను.

కోసినచోట పలచటి పొర కట్టింది. రంపంతో పగలగొట్టాను. ఎలీషా పంచె ఆయనకి చుట్టాను, చొక్కా మొహం మీద కప్పి తాడుతో బిగించాను. సమాధి దగ్గర చెప్పే మాటల్లో మన్ను ఉంటుంది. అక్కడ మన్ను లేదు. ఏం చెప్పాలో తెలియక ఆయన పేరు చెప్పాను. సూరాడ హగ్గయి, సూరాడ ఎలీషా తండ్రి. అంత చెప్పి, గాలి పీల్చుకుని బిగబట్టి, నీళ్ళలోకి జార్చాను.

సముద్రం ఒక్కరినీ ఇవ్వలేదు. ఇంకొకరిని నేనే ఇచ్చాను.

ఆయన మునగలేదు. నీళ్ళు ఎలా మారాయో ఏమో, మీగడ అడుగుకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. కళ్ళెదుటే పొర కట్టేసింది. లోపల ఏదో నెమ్మదైన ప్రవాహం ఉంది, తెల్ల చొక్కా దక్షిణంగా కదలడం మొదలైంది. నేను పైన, ఆయన కింద. పక్కనే నడిచాను. ఒకచోట మీగడ మసకబారి ఉంది. అక్కడ తెలుపు కొంచెంసేపు మెరిసి, తర్వాత కనబడలేదు. ఆ మసక అవతలి అంచుకి వెళ్ళి, బయటికి వస్తాడేమోనని పొద్దు వాలేదాకా కూర్చున్నాను.

9

ఒడ్డుకి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఎవరో దూరం నుంచి ఒక్క మనిషే వస్తున్నట్టు చూసి చెప్పారట. నయోమి పెద్దమ్మ ముందుకి వచ్చి నా నోట్లో నీళ్ళు పోసింది. అందరూ వింటుండగా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. పడవ మనది కాదని చెప్పాను. విషపు గాలి గురించి చెప్పాను. మావ ఎలా పోయాడో చెప్పాను.

 నయోమి పెద్దమ్మ అడిగింది.

"అయితే పడవ తేలిందన్నమాట."

"తేలింది. గానీ పెద్దమ్మా..."

"ఒడిసావోల్ల పడవ ముందు తేలితే, మనయి ఎనక తేలతాయి. అది వరస."

ఆ మాట వెనక్కి పాకింది. చివర ఉన్నవాళ్ళ దాకా వెళ్ళేసరికి పడవలు తేలుతున్నాయని అయింది. మావ ఎలా పోయాడన్నది మధ్యలో ఎక్కడో రాలిపోయింది. నేను అరిచి చెప్పాను. ఎవరూ ఇటు తిరగలేదు. తిమోతి తన రంపం అడిగాడు. ఇవ్వలేదు. ఇళ్ళలో ఇంకా రంపాలున్నాయి.

మర్నాడు ఉదయం బయలుదేరారు. తాళ్ళు, నీళ్ళు, రంపాలు. ముసలివాళ్ళని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు ఉన్నారు. ఇసుక అయిపోయి మీగడ మొదలయ్యేచోట అయ్యగారు చేతులు చాపి అడ్డంగా నిలబడ్డారు.

"నా మాట వినండి. నేను చెప్పింది తప్పు. అది పోలిక. వెళ్ళొద్దు, అక్కడ ఎవరూ లేరు."

నయోమి పెద్దమ్మ ఆయన చెయ్యి తీసుకుని కళ్ళకి అద్దుకుంది. "మీరు సెప్పిందే గదండి. మాకెంత బాగా సెప్పినారు. కొంచెం పక్కకి రండి అయ్యగారూ, దారి."

ఆయన పక్కకి రాలేదు. జనం ఆయన్ని తాకకుండా రెండు వైపుల నుంచీ జాగ్రత్తగా వెళ్ళారు. అందరూ వెళ్ళాక కూడా ఆయన చేతులు చాపే నిలబడి ఉన్నారు. నేను పక్కనుంచి వెళ్తుంటే, "నువ్వు కూడానా?" అన్నారు.

"వంగొద్దని సెప్పడానికి ఎవులో ఒకరుండాలి గదండి," అన్నాను.

ఇప్పుడు మొదటిసారి ఆగాం. అది రాస్తున్నాను. పాట పాడుతూ ముందు పోతున్నవాళ్ళు చాలా దూరం వెళ్ళిపోయారు. నేను చెప్పేది వినేంత దగ్గరలో ఉన్నది నయోమి పెద్దమ్మ ఒక్కర్తే. మోకాళ్ళ నొప్పితో వెనకబడింది. లేవదీసి చెయ్యి పట్టుకుంటే అడిగింది.

"ఇంకెంత దూరమే, కెజియమ్మా?"

వెనక్కి తిరిగి చూశాను. నల్లమెట్ట అడుగు దాకా, చెట్లతో సహా, మొత్తం కనబడుతోంది, ఒక్క చెట్టూ ఇంకా మునగలేదు.

"ఒచ్చీసినం పెద్దమ్మా," అన్నాను.